నాకొద్దన్న బావ

మా పెళ్ళి నిజమైన పెళ్ళేనా అని తేల్చుకోవడానికి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఇద్దర్నీ ఇంటర్వ్యూకి రమ్మన్నప్పుడు బావకి చెమటలు పట్టాయి, నాకు నవ్వొచ్చింది. తణుకులో మూడు వీధుల జనం కూర్చుని భోజనాలు చేసిన పెళ్ళి అది. పెరుగు చాలక మా నాన్న రెండోసారి మనిషిని పరిగెత్తించిన పెళ్ళి. దాని మీద వీళ్ళకి అనుమానమా, నా మొహం!

అనుమానం రావడానికి కారణం లేకపోలేదు. మేమిద్దరం ఉండేది ఐర్లండ్ దేశంలోనే గానీ, ఒక ఇంట్లో కాదు. బావ ములింగార్‌లో ఆసుపత్రి డాక్టరు. నేను రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో, తయారైన మందుని పరీక్షించే ల్యాబులో పనిచేసేదాన్ని. మధ్యలో మూడు గంటల కారు దారి. కరోనాకి ముందు శుక్రవారం సాయంత్రమైతే నేనో, తనో కారెక్కేవాళ్ళం. శని, ఆదివారాలు కలిసి ఉండి, సోమవారం తెల్లారకుండానే ఎవరి ఊరికి వాళ్ళం పోయేవాళ్ళం. కరోనా వచ్చాక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాటొద్దన్నారు. తర్వాత ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటొద్దన్నారు. బావేమో కోవిడ్ వార్డులో. దారులు తెరిచి ఉన్న రోజుల్లో కూడా, నాకు అంటిస్తే నేను ల్యాబులో అందరికీ అంటిస్తానని భయపడి రావడం మానేశాడు.

ఉద్యోగం మానేసి మొగుడి దగ్గరికి పోవచ్చు కదా అని ఎంతమంది అడిగారో! మానేస్తే బాగానే ఉండేది. కానీ నా వర్క్ పర్మిట్ ఆ ఫ్యాక్టరీ పేరు మీద ఉంది. ఫ్యాక్టరీ వదిలితే ఈ దేశంలో ఉండే హక్కే పోతుంది. ఆ మధ్యే బావకి ఐరిష్ పౌరసత్వం వచ్చింది. పౌరుడి భార్యగా నాకు ఇక్కడ స్థిరంగా ఉండే అనుమతి వస్తే, మనవాళ్ళు పీఆర్ అంటారే అదన్నమాట, నేను ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు, నచ్చిన పని చేసుకోవచ్చు. ములింగార్ వెళ్ళిపోవచ్చు. బావా నేనూ ఒక ఇంట్లో ఉండొచ్చు. నాకు కావాల్సింది అదొక్కటే, ఇంకేమీ కాదు.

ఇక్కడే ఉంది తిరకాసు. మీరు ఒక ఇంట్లో లేరు, మొగుడూ పెళ్ళాలని ఎలా నమ్మేది అని వాళ్ళు. మీరు నమ్మితేనే కదయ్యా ఒక ఇంట్లో ఉండేది అని నేను.

నిజానికి కాగితాలు పెట్టాలన్న పట్టుదల నాకు వచ్చింది బావకి కోవిడ్ వచ్చినప్పుడు. వార్డులో ఉన్నవాడికి రాకుండా ఉంటుందా, వచ్చింది. ఇంట్లో ఒక్కడే పడున్నాడు. ఫోను ఛార్జర్‌కి తగిలించి మంచం పక్కన నిలబెట్టమన్నాను. నేను ఇక్కడ ల్యాబు నుంచి వచ్చి, ఫోను ఎదురుగా కూర్చుని, తను దగ్గుతుంటే వినేదాన్ని. "వేణ్ణీళ్ళు తాగు బావా" అంటే, లేచి వెళ్ళి పెట్టుకునే ఓపిక తనకి లేదు. పెట్టిచ్చే చేతులు నావి రింగాస్కిడీలో ఉన్నాయి. అంత ఏడుపు నేను ఎప్పుడూ ఏడవలేదు. తనకి తగ్గిన వారంలోనే దరఖాస్తు పెట్టేశాను.

తగ్గాక తనకి వంట నేర్పే బాధ్యత కూడా నాదే అయింది. రోజూ సాయంత్రం రెండు వంటిళ్ళలో రెండు ఫోన్లు. "ఎడమ చేతి ప్రెస్సు తెరువు. అది కాదు, దాని పక్కది. పోపుల డబ్బా పక్కన చింతపండు ఉంటుంది చూడు" అని నేను చెబుతుంటే తను వెతుక్కునేవాడు. ఈ దేశంలో వంటింటి అల్మారాని ప్రెస్సు అంటారు. కొన్నాళ్ళకి మా నోటికీ అదే మాట అలవాటైపోయింది. కుక్కరు కూత పెడితే అది నాదో తనదో తెలిసేది కాదు. ఒకసారి తన కూత నాదనుకుని నేను పొయ్యి కట్టేశాను, తనేమో అది నాదనుకుని కట్టలేదు. ఆ రోజు నేను పలుకు పప్పు తిన్నాను, తను మాడు పప్పు తిన్నాడు. ఏం చేస్తాం, కలిసే తిన్నాం.

అసలు భయం కాగితాల గురించి కాదు. బావ అనే మాట గురించి.

అందరూ మొగుణ్ణి ముద్దుగా బావా అంటారు కదా, నేను అలా అనడం లేదు. నాది నిఖార్సైన బావ. మా మేనత్త కొడుకు. నేను పుట్టిన ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తే, అత్తయ్య తన ఐదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఉయ్యాల్లో వేసే ముందు మా నానమ్మ, అంటే బావకి అమ్మమ్మ, వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, నన్ను తెచ్చి వాడి ఒళ్ళో పెట్టి, "ఇదిగోరా నీ పెళ్ళాం. కింద పడెయ్యకుండా పట్టుకో" అందట. వాడు నా మొహంలోకి ఒక్క చూపు చూసి, "నాకొద్దూ!" అని గావుకేక పెట్టాడట. ఇల్లంతా ఘొల్లుమంది. ఆ తర్వాత ఆ ఇంట్లో బావకి ఏదన్నా వద్దనే యోగం లేకుండా పోయింది. లడ్డూ నాకొద్దు అన్నా నవ్వే, ఇంకాస్త అన్నం నాకొద్దు అన్నా నవ్వే. పెళ్ళయ్యాక నాకు అదొక ఆయుధమైంది. ఏ గొడవ మొదలైనా చివరికి నేను, "తెలుసులే, బారసాల రోజే వద్దన్నావ్" అనేదాన్ని. తను నోరు మూసుకునేవాడు.

తన పెళ్ళాన్నని నేనూ చిన్నప్పటి నుంచీ ఏం కలలు కనలేదు. బావ అంటే మా ఇంట్లో సీలింగు ఫ్యాను లాంటివాడు, ఉన్నాడని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. నేను డిగ్రీ చదివేటప్పుడు మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో తను వడ్డనకి దిగాడు. అప్పటికి హౌస్ సర్జన్. వరసలో అందరికీ పులిహోర వేసుకుంటూ వచ్చి, నా విస్తరి దగ్గర ఆగి, నెమ్మదిగా, "నీకు మాత్రం ఇంకెప్పుడూ వద్దనను. ఎంత కావాలో చెప్పు" అన్నాడు. నేను తలెత్తి చూశాను. అంతే, అయిపోయింది నా పని. ఆ పూట ఏం తిన్నానో నాకు తెలీదు.

ఇంత కథ ఉన్న మనిషి ఐర్లండ్ వచ్చాక ఏం చేశాడో తెలుసా? ఆసుపత్రిలో చేరిన కొత్తలో కాఫీ గదిలో ఎవరో, మీ ఆవిడ నీకెలా పరిచయం అని అడిగారట. మా మావయ్య కూతురు, నాకు కజిన్ అని ఉన్నదున్నట్టు చెప్పాడట. గదిలో మాట ఆగిపోయిందట. కప్పులో చెంచా తిప్పుతున్నావిడ చెయ్యి కూడా ఆగిందట. కాసేపటికి ఎవరో, "కజిన్ అంటే... నిజం కజినేనా?" అన్నారట. ఎవరూ వెక్కిరించలేదు, ఒక్క మాట తప్పుగా అనలేదు. కానీ రోగుల్ని కూర్చోబెట్టి మీది మేనరికమా అని అడిగే డాక్టరు కదా, తననే అలా అడిగేసరికి తలకాయ కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచీ ఎవరడిగినా, "ఫ్యామిలీ ఫ్రెండ్స్ అండీ" అనడం మొదలుపెట్టాడు.

ఫ్యామిలీ ఫ్రెండ్ అట! నన్ను! పైకి వెక్కిరించేదాన్ని. "ఏమండీ ఫ్యామిలీ ఫ్రెండ్ గారూ, పప్పులో ఉప్పు సరిపోయిందాండీ?" అనేదాన్ని. లోపల మాత్రం బాధగా ఉండేది. పుట్టిన ఇరవై ఒకటో రోజు నుంచీ నాకున్న వరసని తను పదిమందిలో చెప్పుకోలేకపోతున్నాడే అని మనసు చివుక్కుమనేది.

ఇంటర్వ్యూ పిలుపు రాగానే బావ కార్లో అనే ఊళ్ళో ఉన్న ఒక అంకుల్‌కి ఫోన్ చేశాడు. ఆయన ఎన్నో ఏళ్ళుగా ఇక్కడున్నాడు, అందరికీ సలహాలిస్తుంటాడు. "అన్నీ నిజాలే చెప్పండమ్మా. కానీ కజిన్ అన్న మాట మాత్రం ఎత్తకండి. మనకి మావూలే, వీళ్ళకి అర్థం కాదు. లేనిపోని అనుమానం పెట్టుకుంటారు" అన్నాడు. ఇంకేముంది, బావకి అది వేదవాక్కైపోయింది.

ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రం కుక్కర్లు కూతలు పెడుతుండగా మేం పోట్లాడుకున్నాం.

"కుటుంబాలకి పరిచయం అందాం. చాలు. అబద్ధం కూడా కాదు కదే" అన్నాడు.

"దాచిపెట్టింది బయటపడితే? అప్పుడు అన్నీ దొంగ మాటలే అనుకుంటారు. ఉన్నది చెప్పడానికి నీకేం రోగం బావా?"

"నీకేం, నువ్వు ఎక్కడైనా గడగడా మాట్లాడేస్తావ్. ఆ గదిలో వాళ్ళ మొహాలు నేను చూశాను."

"అలాగైతే నీకు నచ్చింది నువ్వు చెప్పుకో. నాకు నచ్చింది నేను చెప్తా."

"ఇద్దరం రెండు రకాలుగా చెబితే కొంప మునుగుద్దే!"

"మునగనీ" అని ఫోను పెట్టేశాను. నా కోపం అలాంటిది, వచ్చినప్పుడు ముందూ వెనకా చూసుకోదు.

కోపం దిగాక ఆలోచించాను. పాపం, తనకి ఆ కాఫీ గది ఇంకా కళ్ళ ముందే ఉంది. నాకు కావాల్సింది మాట నెగ్గించుకోవడం కాదు, తనతో ఒక ఇంట్లో ఉండటం. సరే, ఈ ఒక్కసారికీ తన మాటే చెబుదాం, ఫ్యామిలీ ఫ్రెండ్‌నే అయిపోదాం అనుకున్నాను. ఆ సంగతి తనకి చెబుదామని ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ ఇద్దరికీ మధ్యన పడే ఒక ఊళ్ళో పెట్టారు. నేను అటు నుంచి, తను డ్యూటీ నుంచి తిన్నగా ఇటు నుంచి కార్లేసుకుని వచ్చాం. కరోనా నిబంధనల వల్ల లోపల కూర్చోవడానికి లేదు, కార్లోనే ఉండి పిలిచినప్పుడు వెళ్ళాలి. నేను వెళ్ళి కారు ఆపేసరికే బావని లోపలికి తీసుకెళ్ళిపోయారు. అన్ని నెలల తర్వాత మొగుణ్ణి చూడబోతే నాకు దొరికింది వీపు. చొక్కా ఇస్త్రీ కూడా లేదు.

చాలాసేపటికి బయటికొచ్చాడు. మొహం సగం మాస్కులో ఉంది. వెనకాలే ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి నా పేరు పిలిచింది. ఆవిడ ముందర మాట్లాడుకోవడం బాగోదని, ఎదురెదురుగా వస్తూ కళ్ళతోనే "ఏం చెప్పావ్?" అని అడిగాను. బావ తల అటూ ఇటూ ఊపాడు. మన తల ఊపడం తెలుసు కదా, అవునూ అదే, కాదూ అదే. సగం మొహం కనబడకపోతే ఇంక చెప్పేదేముంది. చెప్పలేదులే అంటున్నాడనుకున్నాను. హమ్మయ్య అనుకుని ధీమాగా లోపలికి నడిచాను.

ఆఫీసరు నడివయసు దాటిన మనిషి. మధ్యలో ప్లాస్టిక్ అద్దం, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, చలికి ఇద్దరం కోట్లలోనే కూర్చున్నాం. ముందు వంటింటితో మొదలుపెట్టింది. ములింగార్ ఇంట్లో టీపొడి ఎక్కడుంటుంది అంది. నేను నవ్వుకున్నాను. నెలల తరబడి ఆ గుమ్మం తొక్కలేదు గానీ, ఆ వంటిల్లు నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. "కెటిల్ పైనున్న ప్రెస్సులో. దాని తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆయన బాగుచేయిస్తానంటూనే ఉన్నారు" అన్నాను. ఆవిడ కళ్ళు నవ్వాయి. మీ ఆయన దేనికి చిరాకు పడతాడు అంది. అన్నం తింటుంటే ఆసుపత్రి ఫోనొస్తే అన్నాను. ఆయన చివరిసారి ఏడ్చిందెప్పుడు అంది. వార్డులో ఒక పెద్దాయన పోయిన రోజు, ఉల్లిపాయలు తరుగుతున్నానని నాతో బొంకాడు, ఆ రోజు తను చేసింది పెరుగన్నం అని చెప్పాను. ఆవిడ తల వంచి ఏదో రాసుకుంది. ఇంక మనకి తిరుగు లేదు అనుకున్నాను.

"మీ ఇద్దరూ మొట్టమొదట ఎప్పుడు కలుసుకున్నారు?" అంది.

అనుకున్నట్టే చెప్పాను. "మా కుటుంబాలకి ముందు నుంచీ పరిచయం. ఒక పెళ్ళిలో చూశాను. ఆయన వడ్డిస్తున్నారు." ఎంత బాగా చెప్పానో! పులిహోర కూడా వర్ణించాను.

ఆవిడ కలం పక్కన పెట్టింది. "అప్పటికి మీ వయసెంత?"

"పంతొమ్మిదేళ్ళు."

"మీరు పుట్టినప్పటి నుంచీ తెలుసని మీ ఆయన చెప్పారే?"

చెప్పేశాడు! నాకొద్దు మొర్రో అని గోల పెట్టిన మనిషి, మొత్తం చెప్పేశాడు. ఉన్నది చెబుదామని పోట్లాడిన నేనేమో ఇక్కడ కూర్చుని కుటుంబ పరిచయం, వల్లకాడు అని కబుర్లు చెబుతున్నాను. ఒక ఇల్లు, ఒక వంటిల్లు, ఒక కుక్కరు, అన్నీ నా నోటితో నేనే పోగొట్టుకుంటున్నాను.

నీళ్ళు నమలడం నాకు చేతకాదు. "మేడమ్, ఆయన చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజం. కానీ నాది సగం" అన్నాను. "ఆయన నాకు బావ."

"బావ అంటే?"

"మేనత్త కొడుకు."

"అంటే కజిన్."

"కజిన్ అంటే మాలో కుదరదండీ. పెదనాన్న పిల్లలూ మీకు కజిన్లే, మేనత్త పిల్లలూ మీకు కజిన్లే. మాకు పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. అన్నని చేసుకోవడం అనే మాట వింటేనే మాకు ఒళ్ళు జలదరిస్తుంది. బావని చేసుకుంటే ఊరంతా వచ్చి అక్షింతలు వేస్తుంది. పుట్టినప్పుడే వరస ఉంటుంది. చేసుకోవడం, చేసుకోకపోవడం తర్వాత మన ఇష్టం." ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. అత్తయ్య అంటే మేనత్తా, అత్తగారూ ఒకే మనిషని, మా నానమ్మే ఆయనకి అమ్మమ్మ అని కూడా చెప్పాను. ఆవిడ ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ, మధ్యలో ఒకసారి నన్ను ఆపి, మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుంది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మా ఆయనకి మొహమాటం. ఒకసారి చెబితే అందరూ వింతగా చూశారు. ఆయన పరువు కాపాడదామని నేను దాచాను. ఆయనేమో నాకు చెప్పకుండా చెప్పేశారు" అన్నాను. "చూడండి మేడమ్, ఆయనకి కోవిడ్ వస్తే నేను ఫోన్లో చూస్తూ కూర్చున్నాను. నా మొగుడికి గ్లాసుడు వేణ్ణీళ్ళు ఇచ్చుకోలేకపోయాను. నాకు ఆ ఇంటికి పోవాలి. అంతే."

ఆవిడ ముందున్న కాగితాల్లో ఏదో చూసుకుని, "మిమ్మల్ని తన ఒళ్ళో పెట్టారని మీ ఆయన చెప్పారు. ఆ రోజు తనేమన్నారో మీకు తెలుసా?" అంది.

"తెలియకపోవడమేంటి!" అన్నాను. "ఆ మాట మా ఇంట్లో తెలియనిదెవరికి?"

"ఆయనన్నట్టే చెప్పండి. మీ భాషలో."

నేను తెలుగులో, ఐదేళ్ళ పిల్లాడి రాగంతో, "నాకొద్దూ!" అన్నాను. మాస్కులోంచి కాస్త గట్టిగానే వచ్చింది.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "ఆయన కూడా సరిగ్గా అలాగే అన్నారు. ఆ రాగంతోనే" అంది. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, నాతో కాకుండా తనలో తను అనుకుంటున్నట్టు, "మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో సగం మంది ఒకళ్ళకొకళ్ళు కజిన్లే. టీ తాగేటప్పుడు ఎవరూ చెప్పేవారు కాదు, అంతే" అంది. ఫలితం ఏమిటో చెప్పలేదు. తర్వాత తెలియజేస్తామంది. గుమ్మం దాకా వచ్చి, "గ్రాండ్, జాగ్రత్తగా వెళ్ళండి" అంది. ఇక్కడ బాగుందన్నా గ్రాండే, సరేలే అన్నా గ్రాండే. అందులోంచి నేనేం తెలుసుకోను!

బయటికొస్తే బావ తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను నా కారు దగ్గర ఆగాను. మధ్యలో రెండు మీటర్లు, అలవాటైపోయిన దూరం.

"తల ఎందుకు ఊపావ్ బావా? చెప్పలేదని కదా ఊపావ్?"

"చెప్పేశానని ఊపాను. నువ్వేం చెప్పావ్?"

"ఫ్యామిలీ ఫ్రెండ్స్ అని చెప్పాను."

కళ్ళు తేలేశాడు. "అయ్యో! ఉన్నది చెబుదామని పట్టుబట్టింది నువ్వే కదే?"

"వద్దన్నది నువ్వే కదా? నీ కోసమే అలా చెప్పా. మరి నువ్వెందుకు నోరు విప్పావ్?"

కాసేపు తాళాలు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. "ఆవిడ మొదట ఎప్పుడు కలిశారు అంది. పెళ్ళిలో అందామనే నోరు తెరిచాను. రాలేదు. నువ్వు నా ఒళ్ళో ఉన్న రోజే నోటికొచ్చింది. అది చెబితే నిన్ను పంపించేస్తారేమో అనుకున్నాను. అయినా నువ్వు నాకెవరో ఆ ఒక్క చోటైనా సరిగ్గా చెబుదామనిపించింది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏళ్ళుగా నేను వెక్కిరిస్తూ దాచుకున్న బాధ తనకి తెలుసని నాకు ఆ రోజు దాకా తెలీదు. రెండు మీటర్లు లేదు, మూడు మీటర్లు లేదు, వెళ్ళి పట్టుకున్నాను. ఆఫీసు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. చూస్తే చూడనీ అనుకున్నాను. తర్వాత ఎవరి కారు వాళ్ళం ఎక్కి, ఎవరి ఊరికి వాళ్ళం పోయాం.

ఆ ఎదురుచూసిన వారాల్లో నేను పెద్దగా భయపడలేదు. బావ మాత్రం రోజూ, "రెండు రకాలుగా చెప్పాం కదే, ఇవ్వరేమో" అని నసిగేవాడు. "రెండూ నిజమే కదా, ఎందుకివ్వరు" అని కసిరేదాన్ని. సామాన్లలో పట్టుకెళ్ళేవేవో, వదిలేసేవేవో అప్పుడే విడదీసి పెట్టుకున్నాను. ఇద్దరికీ చెరో కుక్కరు ఎందుకని నాది పక్కింటి అమ్మాయికి ఇచ్చేశాను కూడా. అది విని బావ తల పట్టుకున్నాడు.

కౌంటీలు దాటొచ్చని ప్రభుత్వం చెప్పిన కొన్నాళ్ళకి, ల్యాబులో నేను చేతి తొడుగులు విప్పుతుండగా ఆ కబురు వచ్చింది. అనుమతి ఇచ్చారు. రెండుసార్లు చదివాను. కారిడార్‌లోకి వచ్చి ఫోన్ చేశాను.

"బావా, వచ్చేసింది."

అవతల నుంచి కప్పుల చప్పుడు, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి. కాఫీ గదిలో ఉన్నాడని తెలిసింది.

"ఏంటి, మాట్లాడవేం? కావాలా, వద్దా?"

తను ఫోను కాస్త దూరం పెట్టి, గదిలో వాళ్ళతో ఇంగ్లీషులో, "మా ఆవిడకి వచ్చేసింది" అన్నాడు. ఎవరో ఒకావిడ, "అబ్బ, ఎంత మంచి కబురు! మీ ఫ్యామిలీ ఫ్రెండ్స్ అమ్మాయే కదూ?" అంది.

"కాదు" అన్నాడు బావ. "ఫ్యామిలీ ఫ్రెండ్ కాదు. మా మావయ్య కూతురు. నా కజిన్. నాకు ఐదేళ్ళప్పుడు తెచ్చి ఒళ్ళో పెడితే వద్దన్నాను."

కప్పుల చప్పుడు ఆగింది. ఇన్నేళ్ళుగా బావ చెప్పగా విన్న ఆ నిశ్శబ్దాన్ని నేనూ విన్నాను. విప్పిన తొడుగు ఒకటి చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"గ్రాండ్" అంది ఆవిడ. "ఎప్పుడొస్తోంది?"

"శనివారం" అన్నాడు బావ.

నేనింకా రాజీనామా కూడా ఇవ్వలేదు. అయినా శనివారమే వెళ్ళాను.